మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయిన ఆటగాళ్ళకు ఇంట్లోవాళ్ళు, జట్టువాళ్ళు ఎలా తోడుండాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పాకాల దగ్గర పల్లె మీది. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మీ చెల్లెలు కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్. కూతకు వెళ్ళి, గీత వైపు వెనుదిరగబోతూ పడిపోయింది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందన్నారు, ఆపరేషన్ జరిగి పది వారాలైంది. మొదటి నెల శ్రద్ధగా వ్యాయామాలు చేసిన అమ్మాయి ఇప్పుడు మానేసింది, తోటి ఆటగాళ్ళ ఫోన్లు కూడా ఎత్తడం లేదు. అమ్మగారు మంచం దిగనివ్వడం లేదు, నాన్నగారు ఇక ఆట చాలించి సంబంధాలు చూద్దామంటున్నారు. గట్టిగా చెప్పి చేయించాలా, తన మానాన తనను వదిలేయాలా, మళ్ళీ ఎప్పటికి ఆడగలదు, అమ్మగారు మొక్కుకున్న అలిపిరి మెట్లు ఎక్కవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, గట్టిగా చేయించడమూ వద్దు, వదిలేయడమూ వద్దు. రోజూ ఒకే వేళకు, వ్యాయామం పూర్తయ్యేదాకా, ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చోవాలి. సలహా చెప్పకుండా ఆమె మాట వినే మనిషి ఇంట్లో ఒకరైనా ఉండాలి. జట్టుతో తెగిపోతున్న సంబంధాన్ని ఎవరైనా చొరవ తీసుకుని మళ్ళీ కలపాలి. ఈ మూడు పనులూ ఒకే మనిషి చేయనక్కరలేదు, చేయలేరు కూడా. ఎవరు ఏది చేస్తారో ఇంట్లో కూర్చుని పేర్లతో సహా తేల్చుకోండి, ఎందుకంటే "అందరం చూసుకుంటాం" అనుకున్న ఇళ్ళలో చివరికి ఎవరూ చూడకపోవడం నేను చాలాసార్లు గమనించాను. మైదానంలోకి దిగడం విషయానికొస్తే, ఆపరేషన్ నాటి నుంచి తొమ్మిది నెలలు నిండకముందు ఆ మాట ఎత్తవద్దు. ఆట మానే మాట, పెళ్ళి మాట కూడా అప్పటిదాకా పక్కన పెట్టమని నాన్నగారికి నా విన్నపం.

నేను తిరుపతిలో 22 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. విశ్వవిద్యాలయం మైదానాల్లో సాధన చేసే పిల్లలు, పల్లెల్లో పండుగ పందేలకు వాలీబాల్, కబడ్డీ ఆడే కుర్రాళ్ళు, కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం తెల్లవారుజామున పరుగు తీసేవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఆపరేషన్ బాగా జరిగి కూడా కాలు సరిగ్గా కోలుకోని సందర్భాలను వెనక్కి తిరిగి చూసుకుంటే, చాలావాటిలో కత్తికీ కుట్టుకీ సంబంధించిన లోపం నాకు కనిపించలేదు. మూడో నెల నుంచి ఆ మనిషి ఒంటరి కావడమే కనిపించింది.

పది వారాల దగ్గరే ఎందుకు ఇలా అవుతుంది? మొదటి నెలంతా ఇల్లు ఆమె చుట్టూ తిరిగి ఉంటుంది. బంధువులు ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసాలు పట్టుకుని చూసిపోయి ఉంటారు. ఊతకర్రలు పోవడం, వాపు తీయడం, మోకాలు కొంచెం కొంచెంగా వంగడం, ఇలా వారం వారం తేడా కంటికి తెలుస్తూ ఉంటుంది. రెండు నెలలు దాటేసరికి వచ్చిపోయేవాళ్ళు ఆగిపోతారు, మార్పు కూడా కంటికి ఆననంత నెమ్మదిస్తుంది. అదే సమయంలో జట్టు ఏదో టోర్నమెంటుకు వెళ్తుంది, ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులో వస్తాయి, తన స్థానంలో ఇంకొక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆ ఫోటో చూశాక ఫోను ఎత్తాలనిపించకపోవడంలో వింతేమీ లేదు. దాన్ని సోమరితనమని గానీ పొగరని గానీ ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి.

మోకాలి లోపల జరుగుతున్నది కూడా ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి. ఏసీఎల్ అంటే తొడ ఎముకను కింది కాలి ఎముకతో కీలు లోపల బిగించి ఉంచే గట్టి పట్టీ. కింది ఎముక ముందుకు జారకుండా, ఒక్కసారిగా మళ్ళినప్పుడు మోకాలు మెలిపడకుండా కాపాడేది అదే. మన వైపు అందరూ "నరం తెగింది" అంటారు, వాడుకలో ఆ మాటకు అభ్యంతరం లేదు. ఆపరేషన్‌లో తెగిన పట్టీని కుట్టి అతికించడం కాకుండా, సాధారణంగా తొడ వెనుక కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు నుంచో మోకాలి చిప్ప కింది పట్టీ నుంచో ఒక ముక్క తీసి ఆ స్థానంలో అమరుస్తారు. అలా అమర్చిన ముక్కకు మొదట రక్తప్రసారం ఉండదు. అది మెత్తబడి, కొత్త రక్తనాళాలు పుట్టి, కొత్త కణాలు చేరి, నెలల తరబడి నెమ్మదిగా లిగమెంటుగా మారుతుంది. ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి తగ్గి, కాలు బాగైపోయినట్టు అనిపిస్తుంది. కొందరు ఆ ధీమాతో పరుగెత్తి చెడగొట్టుకుంటారు, మీ చెల్లెలి లాంటివారు ఇంకేం ఉందిలే అని కండను వదిలేస్తారు. తొడ ముందు కండ విషయంలో ఇంకొక చిక్కుంది. మోకాలిలో వాపు చేరిన క్షణం నుంచి మెదడు ఆ కండను సగం ఆపేస్తుంది, పనిగట్టుకుని మేలుకొలిపితే తప్ప అది తనంతట తాను లేవదు. మంచంలో పడుకోబెట్టి కోడిగుడ్లు, మాంసం ఎంత పెట్టినా ఆ కండ రాదు.

ఇక అమ్మగారి విషయం. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తల్లులు ప్రేమతో చేసే పనుల్లోనే ఎక్కువ నష్టం జరగడం చూశాను, అదే ప్రేమను దారి మళ్ళిస్తే అంతకు మించిన మందు లేదని కూడా చూశాను.

కొన్నేళ్ళ కిందట చంద్రగిరి వైపు నుంచి ఒక వాలీబాల్ కుర్రాడిని తీసుకొచ్చారు. ఆపరేషన్ అయి ఆరు వారాలు. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే మోకాలి కింద నా చేతివేళ్ళు నాలుగూ దూరేంత సందు ఉంది, కాలు పూర్తిగా చాచుకోవడం లేదు. ఎలా పడుకుంటున్నాడని అడిగితే వాళ్ళమ్మ, "కాలు కింద గట్టి దిండు పెట్టి కదలనీకుండా చూసుకుంటా ఉండాను సార్, రాత్రి నేనూ నిద్రపోను" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రాత్రంతా మేలుకుని దిండు జారితే సర్దేది. మోకాలి కింద దిండు పెడితే నొప్పి తగ్గినట్టు హాయిగానే ఉంటుంది, కానీ కీలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. మొదటి వారాల్లో పూర్తిగా చాచుకోవడం రాకపోతే ఆ తరువాత నడకలో కుంటు మిగిలిపోతుంది, కొందరికి మళ్ళీ చిన్న ఆపరేషన్ కూడా అవసరమవుతుంది.

ఆ తల్లికి నేను తప్పు చేశావని చెప్పలేదు. ఒక తువ్వాలు గట్టిగా చుట్టి ఆమె చేతికిచ్చి, మోకాలి కింద నుంచి దిండు తీయించి, తువ్వాలును మడమ కింద పెట్టించాను. మడమ లేచి, మోకాలు గాలిలో తేలి, దాని బరువుకు అదే నెమ్మదిగా కిందికి దిగడం మొదలైంది. ఆమె అరచేతిని కొడుకు తొడ మీద, చిప్పకు కొంచెం పైన, ఆనించమన్నాను. "మోకాలిని కిందికి నొక్కు నాయనా" అని కుర్రాడికి చెప్పాను. మొదటి నాలుగైదు సార్లు ఏమీ లేదు. ఆ తరువాత ఆమె చేతి కింద కండ చిన్నగా అదిరింది, చిప్ప వెంట్రుకవాసి పైకి కదిలింది. "కదిలింది సార్, కదిలింది" అని ఆమె చెయ్యి తీయకుండా నా వైపు చూసింది. ఆ రోజు నుంచి పొద్దున కాఫీ అయ్యాక, రాత్రి భోజనానికి ముందు, రోజుకు రెండుసార్లు ఆమే కూర్చుని లెక్కపెట్టింది. మోకాలు పూర్తిగా చాచుకోవడానికి ఇంకా రెండు నెలలు పట్టింది, కానీ వచ్చింది.

మీ అమ్మగారికి కూడా ఇలాంటి పని ఒకటి అప్పగించండి. మంచం దిగవద్దనడం మాన్పించడానికి వాదనకు దిగకండి. చేయడానికి ఒక పని చేతికి వస్తే ఆ భయం తగ్గుతుంది. పదో వారానికి వచ్చిన అమ్మాయి కుంటకుండా నడుస్తూ, గోడకో కుర్చీకో ఆనుకుని సగం దాకా గుంజీ తీస్తూ, చిన్న మెట్టు ఎక్కి దిగుతూ ఉండాలి. ఏ వ్యాయామం ఎన్నిసార్లు అన్నది ఆమెను చూసిన ఫిజియోథెరపిస్టే నిర్ణయించాలి, అది నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. మడమ కింద తువ్వాలు పెట్టి చూడండి. మోకాలి వెనుక భాగం అవతలి కాలితో సమానంగా దిగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి.

ఆపరేషన్ అయిన మోకాలికి ఎవరైనా బంధువులు కట్టు కట్టిద్దామంటే ఒప్పుకోకండి. ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టుకు మన ప్రాంతంలో ఉన్న పేరు నాకు తెలుసు, దాని మీద నమ్మకం ఉన్నవారిని నేను కించపరచను. కానీ ఈ పట్టీ కీలు లోపల ఉంటుంది, దానికి పైనుంచి కట్టే కట్టు అందదు. కదలాల్సిన కీలును బద్దలతో బిగిస్తే అది పట్టేస్తుంది. నూనె పోసి గట్టిగా మర్దన చేయడం, ఒకరు పట్టుకుని బలవంతంగా వంచడం కూడా వద్దు.

వినడం అనే పని మీకు అప్పగిస్తున్నాను. అన్నగా మీరు "అన్నీ సర్దుకుంటాయిలే", "ధైర్యంగా ఉండు" అని ఉంటారు. మంచి మాటలే, కానీ వాటితో సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది. పక్కన కూర్చుని, "ఈ రోజు ఏది కష్టంగా అనిపించింది?" అని అడిగి ఊరుకోండి. జవాబుకు ఐదు నిమిషాలు పట్టినా పర్వాలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదట నొప్పి గురించి చెబుతారు. నాలుగైదు సార్లు వచ్చాక అసలు సంగతులు బయటపడతాయి. "నేను ఆటగత్తెను, అది పోతే నేను ఎవరు?" అన్న దిగులు ఒకటి. "నా కాలికి నాన్న అప్పు చేశాడు" అన్న బరువు ఇంకొకటి. ఈ రెండోదాన్ని పల్లె పిల్లలు అందరికన్నా లోతుగా దాచుకుంటారు. బస్సు చార్జీ దండగని ఫిజియోథెరపీకి రావడం మానేసి, ఇంట్లో మాత్రం కాలు బాగైందని చెప్పిన అమ్మాయిలు నాకు తెలుసు. మీ చెల్లెలి విషయంలో కూడా డబ్బు సంగతి ఉందేమో సున్నితంగా కనుక్కోండి. అప్పు ఎంత, ఎలా తీరుస్తున్నాం అని ఆమెకు నిజం చెప్పండి. ఊహించుకునే అప్పు కంటే తెలిసిన అప్పే తేలిక.

భయం సంగతి వేరే చెప్పాలి. కాలు బలంగా ఉన్నా, మళ్ళీ అదే చోట తెగుతుందన్న భయం ఆటగాళ్ళను వెనక్కి లాగుతుంది. ఏసీఎల్ ఆపరేషన్ల మీద అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, నూటికి 81 మంది ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్ళారు, 65 మంది మునుపటి స్థాయికి చేరారు, 55 మంది మాత్రమే పోటీలకు తిరిగి వచ్చారు. ఆ తేడాలో మోకాలితో పాటు మనసు పాత్ర కూడా ఉంది. అందుకే ఈ భయాన్ని కొలవడానికి 12 ప్రశ్నల పట్టిక కూడా ఒకటి వాడుకలో ఉంది, నేను దాన్ని తెలుగులో నోటితో అడిగి రాసుకుంటాను. భయం పోవడానికి ఉపదేశం పనిచేయదు. నిన్న చేయలేనిది ఈ రోజు చేసినట్టు కళ్ళకు కనబడాలి. ఇంచి టేపు తీసుకుని, చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన గుర్తు పెట్టి, రెండు తొడల చుట్టుకొలతా నెలకొకసారి కొలిచి, గోడ క్యాలెండర్ మీద రాయించండి. ఆ అంకెలను ఆమె చేతే రాయించండి.

క్యాలెండర్ అనగానే ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు. కానిస్టేబుల్ సెలెక్షన్లకు 1600 మీటర్ల పరుగు సాధన చేస్తూ, ఆదివారం సరదాగా ఫుట్‌బాల్ ఆడి ఏసీఎల్ తెంచుకున్నాడు. తల్లిదండ్రులు దూరంగా కూలిపనుల్లో ఉన్నారు, తిరుపతిలో అద్దెగదిలో ఇతనూ ఇంకొక స్నేహితుడూ ఉండేవారు. ఆ స్నేహితుడు వైద్యం చదవలేదు, పెద్దగా మాట్లాడేవాడూ కాదు. కోచింగ్ నుంచి రాగానే చాప పరిచి, తన పుస్తకం తాను చదువుకుంటూ, ఇతను వ్యాయామం పూర్తి చేసేదాకా లేచేవాడు కాదు. అయిపోగానే కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్‌లో ఆ తేదీ మీద టిక్కు పెట్టేవాడు. ఏడు నెలల కాగితాల్లో ఖాళీ తేదీలు పది కూడా లేవు. ఖరీదైన యంత్రాల మీద నెలల పాటు చేసినవారికంటే ఆ కుర్రాడి తొడ కండ మేలుగా తిరిగొచ్చింది. పక్కన కూర్చోవడం అని నేను అంటున్నది దీన్నే.

జట్టుతో సంబంధం. ఇంట్లోవాళ్ళు ఎంత చేసినా తీరని లోటు ఇక్కడ ఉంటుంది. గాయపడిన ఆటగాళ్ళు డాక్టర్ల గురించి, ఫిజియోల గురించి పెద్దగా ఫిర్యాదు చేయరు. "మా సార్ ఒక్కసారీ ఫోన్ చేయలేదు" అని మాత్రం దాదాపు ప్రతి ఒక్కరూ అంటారు. కోచ్‌కు కోపం ఉండి కాదు, ఆడలేని పిల్లతో ఏం మాట్లాడాలో తెలియక చాలామంది దూరంగా ఉండిపోతారు. అందుకని మీరే ఫోన్ చేయండి. పరామర్శకు రమ్మని అడగవద్దు, ఆమెకు ఒక పని ఇవ్వమని అడగండి. వారానికి రెండు రోజులు సాధనకు వచ్చి గీత బయట కుర్చీ వేసుకుని స్కోరు రాయడం, కొత్త రైడర్ల అడుగులను ఫోన్‌లో వీడియో తీసి తప్పులు చెప్పడం, జట్టు సన్నాహక వ్యాయామాలు సరిగ్గా చేస్తోందో లేదో చూడటం, ఇవన్నీ ఆమె ఇప్పుడే చేయగలదు.

చివరగా చెప్పిన సన్నాహక వ్యాయామాల పని జట్టులో అందరికీ మేలు చేస్తుంది కూడా. ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండానే, ఒక్కసారిగా ఆగడంలో, మళ్ళడంలో, గెంతి దిగడంలో జరుగుతాయి. ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఈ ముప్పు ఎక్కువ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అది రెండు రెట్లకు పైనే ఉంటుందని తేలింది. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసుకోవడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనుక కండరాల బలం, వీటితో కూడిన సన్నాహం రోజూ చేస్తే ఈ గాయాలు బాగా తగ్గుతాయి. ఒక హాస్టల్ జట్టులో గాయపడిన హ్యాండ్‌బాల్ అమ్మాయి ఈ బాధ్యత తీసుకుంది. మొదట్లో మైదానం గేటు దాకా వచ్చి ఏడ్చి వెనుదిరిగేది. ఇద్దరు రూమ్‌మేట్లు ఆమెతో పాటు గేటు బయట కూర్చోవడంతో మొదలుపెట్టి, మూడో వారానికి లోపలికి తెచ్చారు. ఏడో నెలలో జట్టంతా ఆమె ఈల కోసం వరుసలో నిలబడేది.

కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఇంకొకటి స్పష్టంగా చెప్పండి: తేదీ చూసి మైదానంలోకి దింపకూడదు, పరీక్షలు నెగ్గాకే దింపాలి. ఐదో నెలలో, జిల్లా పోటీలకు మనుషులు తక్కువయ్యారని, "ఊరికే నిలబడమ్మా చాలు" అని ఒక అమ్మాయిని దింపారు. పేర్లు చెప్పను. ఊరికే నిలబడటం ఏ ఆటలోనూ ఉండదు. రెండో అర్ధభాగంలో బంతి కోసం మళ్ళింది, అమర్చిన లిగమెంటు తెగింది. ఆ అమ్మాయి మళ్ళీ నా గదిలోకి వచ్చిన రోజు నేను మాట్లాడలేకపోయాను. 25 ఏళ్ళ లోపు వయసులో ఆటకు తిరిగి వెళ్ళినవారిలో నూటికి 23 మందికి ఆ కాలిలోనో రెండో కాలిలోనో మళ్ళీ తెగుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటకు తిరిగి వెళ్ళడం తొమ్మిదో నెల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే ముప్పు సగానికి తగ్గుతూ వచ్చింది. తొమ్మిది నెలలు నిండాలి, తొడ కండ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతుల పరీక్షల్లోనూ అంతే రావాలి, భయం తగ్గాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా ఆగాలి. కబడ్డీలో కాళ్ళు పట్టి లాగుతారు కాబట్టి, నేనైతే పది పన్నెండు నెలలు చెబుతాను.

నాన్నగారితో ఎలా మాట్లాడాలో మీకు నాకంటే బాగా తెలుసు. అయినా నా వైపు నుంచి రెండు మాటలు. "కాలు బాగాలేని పిల్ల" అని నలుగురూ అంటారేమోనన్న భయమే చాలామంది తండ్రుల చేత పెళ్ళి తొందర పెట్టిస్తుందని నేను గమనించాను. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఏసీఎల్ ఆపరేషన్ అంగవైకల్యం కాదు. సరిగ్గా కోలుకున్న మనిషి నడకలో తేడా ఎవరికీ తెలియదు. సగంలో ఆపేస్తేనే కుంటు మిగులుతుంది. ఆట మానేసినా ఆ మోకాలు ఆమెతోనే ఉంటుంది. రేపు మెట్లు ఎక్కాలన్నా, బిందె ఎత్తాలన్నా, పిల్లలను చంకనేసుకోవాలన్నా అదే కండ కావాలి. అంటే ఆడినా ఆడకపోయినా ఈ వ్యాయామాలు తప్పవు. ఆడాలా వద్దా అన్నది తొమ్మిదో నెల తరువాత ఆమె తీసుకోవాల్సిన నిర్ణయం. మనసు బాగా కుంగిన పదో వారంలో ఆమె తరఫున ఇంకొకరు తీసుకుంటే అది జీవితాంతం ముల్లులా మిగులుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలికి తీవ్ర గాయమై స్ట్రెచర్ మీద బయటికి వెళ్ళిన వినేశ్ ఫోగాట్, 2018 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. అందరూ అలా గెలుస్తారని కాదు, పదో వారంలో ఎవరి కథా ముగియదని నాన్నగారికి చెప్పడానికి ఈ ఉదాహరణ పనికొస్తుంది.

చిన్న చిన్న ఏర్పాట్లు కొన్ని. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెట్టండి. భోజనం కుర్చీలో, బాసింపట్టు వేయడం ఫిజియో సరేనన్నాకే. బస్సు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. కాలేజీలో మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, హాజరు సంగతి, పరీక్ష హాలు కింది అంతస్తులో వేయించే సంగతి మీరే చూసుకోండి, ఆమెను తిప్పవద్దు. ఆస్పత్రిలో ఇచ్చిన వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఉండి ఎవరూ విప్పి చెప్పకపోతే, ఆ కాగితం పట్టుకెళ్ళి ఒక్కొక్కటీ చేసి చూపించమని అడగండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. అలా అర్థం కాని జిరాక్సు కాగితాన్ని పరుపు కింద భద్రంగా దాచిపెట్టి, నెలన్నర ఏమీ చేయకుండా వచ్చినవారిని చూశాను. తప్పు వాళ్ళది కాదు.

ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకండి. పిక్కలో నొప్పితో వాపు వచ్చినా, జ్వరంతో మోకాలు ఎర్రబడి వేడెక్కినా, కుట్ల దగ్గర చీము పట్టినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే 108కి ఫోన్ చేయండి. మనసు విషయంలో కూడా ఇంతే. రెండు వారాలకు మించి నిద్ర, తిండి తగ్గినా, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయినా, "నేను మీకు భారం" లాంటి మాటలు వచ్చినా మానసిక వైద్యుడికి చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు కూడా చేయవచ్చు. చనిపోవాలన్న మాట వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ పూటే తీసుకెళ్ళండి.

ఇక మొక్కు. అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువే, 2388 మెట్లు, కానీ నిటారుగా ఉంటుంది. పది వారాల మోకాలికి ఈ రెండూ వద్దు. అమ్మగారు కూతురి పేరున తాను ఎక్కవచ్చు. చెల్లెలిని మీరు బస్సులో పైకి తీసుకెళ్తే కొండ మీద ఇద్దరూ కలిసి దర్శనం చేసుకోవచ్చు. చెల్లెలు సొంతంగా ఎక్కడం తొమ్మిదో నెల పరీక్షలు నెగ్గాక, ఆమె ఫిజియో ఒప్పుకున్నాక పెట్టుకోండి. అప్పుడు కూడా గాలి గోపురం దాకా ఉన్న ఎక్కుడులో మధ్యమధ్య కూర్చుంటూ వెళ్ళండి. మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు భక్తులు మోకాళ్ళ మీద ఎక్కుతారు, అది ఆమె చేత చేయించవద్దు. చిప్ప కింది పట్టీ నుంచి ముక్క తీసినవారికి మోకాళ్ళ మీద కూర్చోవడమే చాలాకాలం నొప్పిగా ఉంటుంది. దిగేటప్పుడు తొడ ముందు కండ మీద, చిప్ప మీద పడే భారం ఎక్కేటప్పటికంటే ఎక్కువ, కాబట్టి తిరుగు ప్రయాణం బస్సులోనే. ఈ నెల తొడ కొలతలు, మడమ కింద తువ్వాలు పెట్టి పక్క నుంచి తీసిన మోకాలి ఫోటో, ఆపరేషన్ కాగితంలో లిగమెంటు ముక్క ఎక్కడి నుంచి తీశారని రాసి ఉందో ఆ వాక్యం, ఈ మూడూ మీ జవాబుతో పంపండి. వాటిని చూశాక ఆమె ఫిజియోను ఏమేమి అడగాలో చెబుతాను.